నాయనమ్మ నొక్కించిన బటన్

పల్నాడంటే జనం కత్తులూ గుర్రాలూ ఆశిస్తారు. కాబట్టి అడవిలో దారి తప్పి కూడా మూడు ప్రాణాలు కాపాడిన మహాగాథ ఒకటి చెబుతున్నా. తర్వాత తిట్టుకోకుండా ఇప్పుడే ఒప్పుకుంటా: అది అడవి కాదు, మాచర్ల అవతల ముళ్ళకంప. ఆ ప్రాణాలు మేకలవి.

బాబాయికి ఉన్నవే కొద్ది మేకలు. అందులో నేడో రేపో ఈనబోయే సూడి మేక ఒకటి ముందురోజు మేతకెళ్ళి కంపలోనే ఉండిపోయింది. కుక్కలు దాని మీద పడకముందే తేవాలి. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, ఎటు చూసినా కంపే. అందుకని ఆన్‌లైన్లో తెప్పించుకున్న నా జీపీఎస్ డబ్బీ బయటికి తీశా. అగ్గిపెట్టెంత ఉంటుంది. బటన్ నొక్కితే ఉన్నచోటు గుర్తుపెట్టుకుని, తిరిగొచ్చేప్పుడు బాణంతో అటు దారి చూపిస్తుంది. గుర్తుండేది ఒక్క చోటే. మళ్ళీ నొక్కితే పాతది పోతుంది.

నాయనమ్మ పంచాంగం చూసింది. కాసేపట్లో వర్జ్యం. బాబాయి స్నానం ఇంకా కాలేదు. మా ఇంట్లో దీనికో మందుంది: వర్జ్యం రాకముందే, వెంట తీసుకుపోయే వస్తువొకటి పక్కింట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైపోయినట్టే. నాయనమ్మ డబ్బీని తువ్వాల్లో చుట్టి పక్కింటి పెద్దమ్మ వసారాలో పెట్టి నన్ను పిలిచింది.

"ఏందిరా చూస్తన్నావు, నొక్కు. మంచి ఘడియ."

నొక్కా.

కంప మొదట్లో మోటార్ సైకిల్ ఆపి, మళ్ళీ నొక్కబోయా. బాబాయి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, మంచి ఘడియలో నొక్కింది చెరుపుతావా? సూడి మేకరా అది."

"మరి బండి దగ్గరికి దారెట్టా బాబాయ్?"

"బండెక్కడికి పోద్ది? ఉన్నచోటే ఉంటది."

వాదనలో తప్పేం కనబడలేదు.

మధ్యాహ్నానికి మేక దొరికింది. పొద కింద రెండు పిల్లల్ని ఈని, ఆలస్యంగా వచ్చిన చుట్టాల్ని చూసినట్టు మమ్మల్ని చూసింది. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. చెమటంట. మేకను ఆయన భుజానేసుకున్నాడు, పిల్లలు నా సంచిలోకెక్కాయి.

బండి ఎటుందో ఇద్దరికీ తెలీదు. డబ్బీ తీస్తే బాణం నిక్కచ్చిగా పక్కింటి పెద్దమ్మ వసారా వైపు చూపించింది, ఇరవై కిలోమీటర్ల అవతల.

"ఇల్లు చూపిస్తందిగా, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు బాబాయి.

బాణం వెంట నడిచాం. చానాసేపటికి తారు రోడ్డు తగిలింది, దాని మీద ఒక ఆటో కూడా. ఆటోలో అందరికంటే మర్యాదగా కూర్చున్నది మేకే.

పక్కింటి వసారా ముందు దిగగానే డబ్బీ కుయ్యిమంది. నాయనమ్మ పిల్లల్ని ఎత్తి చూసుకుని, "ఘడియ మహిమ" అంది. డబ్బీ కొన్నది నేనని ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు బస్సెక్కి బండి కోసం పోయాం. బాబాయి చెప్పినట్టే ఉన్నచోటే ఉంది. వెనక టైర్లో కంపముల్లు దిగింది, గాలి లేదు.