హేమ చదువుతున్నంతసేపు నేను పట్టిన మౌనం

మా హేమ ఎమర్జెన్సీ మెడిసిన్ చివరి పరీక్ష రెండోసారి రాసి వచ్చిన రోజు, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చుంది. ఎట్లా రాసినావని అడిగాను.

"ఒక ప్రశ్నకు బాగా రాసినానమ్మా."

"మిగతావాటికి?"

"టైమ్ అయిపోయింది. అయిపోతా ఉండేదే నాకు తెలీలేదు."

ఏడ్చి ఉంటే ఓదార్చేదాన్ని. గోడ మీది క్యాలెండర్ చూస్తూ అట్లాగే ఉండిపోయింది.

కర్ణాటకలో కోలారు దగ్గరి రాబర్ట్‌సన్‌పేటలో మాది బట్టల అంగడి. ఇల్లు దాని పైనే. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లో నేర్పిన తెలుగుతోనే ఇది రాస్తున్నాను. హేమ మా ఒక్కగానొక్క కూతురు. బెంగళూరులో పీజీ శిక్షణ ముగించింది. ఆ పరీక్ష పాసైతేనే స్పెషలిస్టు. మొదటిసారి తప్పింది, రెండోసారీ తప్పింది. చిన్నప్పటినుంచీ పాలు పొయ్యి మీద పెట్టి మరిచేది, తాళంచెవులు ఫ్రిజ్‌లో పెట్టేది. పరధ్యానమని నవ్వుకునేవాళ్లం.

ఆమె పనిచేసే ఆసుపత్రి క్యాజువాల్టీలోని సీనియర్ మేడమ్ మాత్రం నవ్వలేదు. "పేషెంట్ ముందు ఇంత చురుగ్గా ఉండే పిల్లవి, పుస్తకం ముందు ఏమైపోతావు? ఒకసారి సైకియాట్రిస్టును కలువు," అన్నారట. ఆ తల్లికి రోజూ దీపం దగ్గర దండం పెట్టుకుంటాను. ఆ రోజు మాత్రం సైకియాట్రిస్టు అనే మాటకే నాకు వణుకు పుట్టింది.

ఆ సైకియాట్రిస్టు డాక్టరుగారు హేమ చిన్నతనం గురించి నన్ను కూడా చాలాసేపు అడిగారు. బీపీ, ఈసీజీ చూశారు. "అడల్ట్ ఏడీహెచ్‌డీ" అన్నారు.

"పిచ్చా సార్?"

"కాదమ్మా. తెలివి తక్కువా కాదు. ధ్యాస ఒకచోట నిలవనియ్యని సమస్య."

లోపల తొలుస్తున్న ప్రశ్న ఇంకొకటి ఉంది. హేమ పక్కనే ఉన్నా అడిగేశాను. "ఈ బిడ్డ చేతిలో రోగులను పెట్టొచ్చా సార్?"

హేమ తల వంచుకుంది. డాక్టరుగారు చెప్పారు. "ఆమె పని ఎట్లా ఉందో పైడాక్టర్లు చూస్తూనే ఉన్నారు, వాళ్లు మెచ్చుకుంటున్నారు. క్యాజువాల్టీలో పనే వచ్చి ఈమెను పిలుస్తుంది. పుస్తకం పిలవదు. కష్టం అక్కడే."

ధ్యాస నిలవడానికి మిథైల్‌ఫెనిడేట్ అనే మాత్ర మొదలుపెట్టారు. మొదట్లో అన్నం సయించలేదు, గుండె దడ. ఆమె నిద్రపోతుంటే చెయ్యి పట్టుకుని నాడి చూసేదాన్ని, చూడటం రాకపోయినా. డాక్టరుగారు డోసు తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచాక దడ తగ్గింది.

మూడోసారి చదవడానికి ఇంటికి వచ్చింది. "ఈసారి తప్పితే డాక్టరు పనే వద్దు. అంగట్లో కూర్చుంటాను," అంది.

మా ఆయన అన్నారు, "నువ్వు కూర్చుంటే పంచె అడిగినోళ్లకు లంగా చుట్టి ఇస్తావు. నా అంగడి మీద దయ ఉంచి చదువుకో అమ్మా."

ఆయన నవ్వించారు. నేను మాత్రం మా అమ్మవారు కోలారమ్మకు మొక్కుకున్నాను, హేమ చదువుతున్నంతసేపు నోరు విప్పనని. టీవీ ఆపేశాను, మిక్సీ ఆపేశాను, దేవుడి గంట కూడా కొట్టలేదు. ఆమె పుస్తకం ముందు కూర్చునేది. పేజీ తిరిగేది కాదు. అది చూసి ఇంకా భయపడి, నోరు ఇంకా గట్టిగా మూసుకునేదాన్ని.

ఒక పొద్దున లేచి నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, ఇంట్లో ఎవరో పోయినట్టుండాది. ఏమన్నా మాట్లాడు."

నేను అమ్మవారి పటం వైపు చూపించాను.

"మొక్కా? కోలారమ్మకా? ఆయమ్మకు నేను చెప్పుకుంటాలే. నువ్వు నోరు తెరువు."

మొక్కు తప్పితే ఆ ఫలం బిడ్డ మీద పడుతుందేమోనని ఒళ్లంతా చెమట పట్టింది. పటానికి దండం పెట్టుకుని నోరు తెరిచాను.

"ఏమి మాట్లాడేది? నీ చదువు నాకేం తెలుసు?"

"ఏమీ తెలియక్కరలే. నువ్వే పేషెంటు. ఇంగ పడుకో."

ఆ రోజునుంచీ మంచం మీద పడుకుని గుండెనొప్పి పడటమే నా పని. ఆమె చేసేదంతా పైకి చెప్పేది. మధ్యలో చూపు కిటికీ మీదికి పోయి మాట ఆగేది. "తర్వాత?" అనేదాన్ని. "ఈసీజీ తీస్తాను." "తర్వాత?" "ఆస్పిరిన్ ఇస్తాను." ఒకసారి మోకాలు కూడా నొప్పిగా ఉండాదే అంటే, "అది ఈ పరీక్షలో లేదమ్మా, గుండె సంగతి చూసుకో," అంది. అప్పుడే పైకి వచ్చిన మా ఆయన, నేను ఛాతీ పట్టుకుని ఉండటం చూసి బెదిరిపోయారు.

"ఏమాయె?"

"ఊరికే చచ్చిపోతా ఉండాను. మీరు అంగడికి పోండి."

రాత పరీక్ష గట్టెక్కింది. ప్రాక్టికల్‌కు నేనూ వెంట వెళ్లాను. గదికొక కేసు, గంట కొట్టగానే తర్వాతి గదికి పోవాలి. బయట బెంచీ మీద కూర్చున్న నేను గంట మోగినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. స్తోత్రం ఒక్కటీ నోటికి రాలేదు. తప్పిన మొక్కే గుర్తొచ్చింది.

హేమ బయటికి వచ్చి నా పక్కన కూలబడింది. "ఒక రూములో అంతా పోయిందమ్మా. బొమ్మలా నిలబడిపోయినాను. ఆమీద 'తర్వాత?' అని నేనే గట్టిగా అనేసినాను. 'ఎవరిని అడుగుతున్నారు?' అన్నాడు ఎగ్జామినర్."

"నువ్వేమన్నావు?"

"'మా అమ్మను' అంటిని. చేయాల్సింది వరసగా గుర్తొచ్చింది."

పాసైంది. ఇప్పుడు కోలారులో ఒక ఆసుపత్రి క్యాజువాల్టీలో పనిచేస్తోంది. మాత్ర వేసుకుంటోంది, తాళంచెవులు ఇప్పటికీ పోగొడుతోంది. అంబులెన్స్ కూత వినబడితే ముందు లోపలి రోగి కోసం, తర్వాత హేమ కోసం దండం పెట్టుకుంటాను. కోలారమ్మ గుడికి పోయి మొక్కు తప్పినందుకు క్షమించమని అడిగాను. హేమ పక్కన నిలబడి, "నేనే తప్పించినాను తల్లీ," అని మాట నిలబెట్టుకుంది.

మీ ఇంట్లో ఇట్లాంటి బిడ్డ చదువుకు కూర్చుంటే, నిశ్శబ్దం కావాలో మాట కావాలో ముందు ఆ బిడ్డనే అడగండి. నేను అమ్మవారిని అడిగాను కానీ, హేమను అడగలేదు.