మాచర్ల సందుల్లో మూడు గీతలు

దయ్యాల కబుర్లంటే నాకు చిరాకు. నరసరావుపేటలో మా ఇల్లు ఖబరస్తాను గోడకు ఆనుకునే ఉండేది. అందులోంచి లేచి వచ్చి ఎవరూ మమ్మల్ని పలకరించిన పాపాన పోలేదు. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే మీరు నవ్వినా ఏమీ అనుకోను.

యుద్ధం రోజులు. ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి పూయడం మా పని. మా అన్న మస్తాన్ మాచర్లలో తిరిగేవాడు. కళాయి వేసిన గిన్నె అంచు కింద మేకుతో మూడు గీతలు గీసేవాడు. ఒకడి గీత ఉన్న ఇంట్లో ఇంకొక కళాయివాడు చెయ్యి పెట్టడు. అది మాలో కట్టుబాటు. వచ్చే నెల ఆ ఇళ్ళన్నీ దగ్గరుండి చూపించి నాకు అప్పగిస్తానన్నాడు.

"ఊరంటే బజారు కాదురా సైదా. నిమ్మళంగా నడువు, పిలిచిన గడపే తొక్కు" అనేవాడు.

ఒక పొద్దున ఎడ్లబండి తోలే అతను వచ్చి, మాచర్లలో కలరా అనీ, అన్నకు వాంతులు పట్టుకున్నాయనీ చెప్పాడు. ఎక్కడ పడున్నాడో అతనికీ తెలియదు. దొరికిన రైలెక్కాను. అన్న సత్రంలో పడుకునే రకం కాదు, తెలిసిన ఇంటి అరుగు మీదే ఉంటాడనుకున్నాను. అందుకే స్టేషన్లో ఎవరినీ ఏమీ అడక్కుండా నేరుగా సందుల్లోకి పోయాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

మొదటి సందులో అన్న గురించి అడిగితే ఒక ముసలమ్మ గిన్నె చూపించింది. మూడు గీతలు ఉన్నాయి. లోపల తగరం తళతళలాడుతోంది.

"ఇప్పుడే గదా పోయింది. ఏంది అబ్బాయ్, నీకు ఎదురుపడలా?" అంది.

వాకిట్లో కొలిమి గుంట ఉంది. నమ్మకం చాలక బూడిదలో వేలు పెట్టాను. చుర్రుమని బొబ్బ లేచింది.

బతికే ఉన్నాడని ఏడుపొచ్చింది. పరుగెత్తాను. నాపరాళ్ళు చెక్కేవాళ్ళ వాడ, తియ్యనీళ్ళ బావి, బొరుగులు వేయించే ఇల్లు. ఎక్కడికి పోయినా వేడి గుంట, కొత్త కళాయి, అదే మాట. ఇప్పుడే పోయాడు. బొరుగులమ్మ పీట వేసి కూర్చోమంది. బజారు మీదుగా పోయేవాళ్ళకు కనపడని మాచర్ల అది. చూసే ఓపిక నాకెక్కడిది? గొంతు పోయేదాకా అన్నా అన్నా అని అరిచాను.

పొద్దు వాలుతుంటే ఒక పెద్దాయన నన్ను ఆపి సంగతి అడిగాడు. కలరా తగిలిన పై ఊరివాళ్ళను స్టేషన్ వెనక పాకలో ఉంచుతున్నారనీ, అక్కడ చూశావా అనీ అన్నాడు.

నేను చేరేసరికి అన్న మీద గుడ్డ కప్పేశారు. మధ్యాహ్నం దాకా ప్రాణం ఉందట. మూడు రోజులుగా చాప మీంచి కాలు కింద పెట్టలేదని, రోగులకు నీళ్ళు పోసే ఆమె ఒట్టేసి చెప్పింది.

"పొద్దుటి నుంచీ ఒకటే పలవరింత నాయనా. సైదా, ఈ బావి నీళ్ళు చానా మంచియ్యి, ఈ అమ్మ బొరుగులు పెడతది, కాసేపు కూర్చో అని. పక్కన మనిషి నడుస్తన్నట్టే మాట్లాడాడు. సైదా అంటే నువ్వేనా?"

ఆ గుంటల్లో నిప్పు ఎవరు వేశారో, ఆ గీతలు ఎవరు గీశారో ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. తర్వాత ఆ ఇళ్ళే మాకు అన్నం పెట్టాయి. కానీ ఆ రోజు నేను వెళ్ళింది ఇళ్ళ కోసం కాదు. రైలు దిగి అటువైపు నాలుగడుగులు వేసుంటే, అన్న నోట్లో గుక్కెడు నీళ్ళు పోసేవాణ్ణి.