వింజామర పట్టినోడి పేరేటి?

శ్యామసుందరరావుగారికి ఉన్న జబ్బు ఒక్కటే. రాజులూ కోటలూ ఉన్న నాటకం గానీ, సినిమా గానీ, టీవీ సీరియల్ గానీ చూస్తే ఆయన చూపు రాజు మీద నిలవదు. సింహాసనం వెనక వింజామర పట్టుకుని నిలబడ్డవాడి మీదికి పోతుంది. పోయి ఊరుకున్నా బాగుండును. "ఆడి పేరేటి?" అని అడుగుతారు. రాసినవాడికే తెలియని పేరు పక్క కుర్చీలో కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది?

ఈ జబ్బుతో ఎక్కువ నష్టపోయింది ఆయన భార్య సత్యభామగారు. ఆవిడ తన గోడు నాటకాల ధనరాజ్‌కి చాలాసార్లు చెప్పుకున్నారు. ఒకరోజు సీరియల్లో యువరాజు బానిసల సంతలో గుర్రం ఎక్కి స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నాడట. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారట. పక్కనుంచి మొదలైంది.

"ఆ గొలుసులేసిన ముసిలాడు పొద్దుటి నుంచి ఏటైనా తిన్నాడా?"

"యువరాజు మాటాడతన్నాడు, వినండి."

"నాలుగు రోజుల నుంచి అతనే మాటాడతన్నాడు. ముసిలాడి పేరేటో ఒక్కడూ అడగలేదు."

"అడక్కపోతే మీకేటి?"

"పేరు తెలీకుండా విడిపించీసి, రేపు ఎదురుపడితే ఏటని పిలుస్తాడు?"

సత్యభామగారు రిమోట్ తీసుకుని వంటల కార్యక్రమం పెట్టారు. రెండు నిమిషాలు శాంతిగా గడిచింది. "ఆ ఎనకాల గిన్నెలు తోమిందెవరు?" అన్నారు ఆయన. ఆవిడ టీవీ కట్టేసి పడుకున్నారు.

ఇక ధనరాజ్ సంగతి. ఒడిశాలోని బరంపురంలో బట్టల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. తెలుగు నాటక సమితికి అధ్యక్షుడూ, రచయితా, దర్శకుడూ, కథానాయకుడూ ఆయనే. ఒక్క మనిషికి ఇన్ని పదవులు ఎలా వచ్చాయంటే, సమితి తెరలూ కిరీటాలూ దాచుకునేది ఆయన గోడౌన్లో. ఆయన రాసిన 'దాస్య విధ్వంసం' నాటకం ప్రతి వార్షికోత్సవానికీ పడవలసిందే. అందులో యువరాజు విజయకేతుడు, అంటే యాభై రెండేళ్ల ధనరాజ్, చెరసాల తలుపు బద్దలుకొట్టి ఆరుగురు బానిసలకు స్వేచ్ఛ ప్రసాదిస్తాడు. ప్రసాదించడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. అంతసేపూ బానిసలు నడుములు వంచి నిలబడాలి. చివర్లో "జయము జయము" అనాలి.

కరపత్రంలో యువరాజు మొదలుకొని మంత్రిగారి మేనల్లుడి దాకా అందరి పేర్లూ ఉండేవి. అట్టడుగున 'బానిసలు: ఇతరులు' అని ఉండేది. ఆ ఇతరులు ఎవరంటే హాలు వాచ్‌మన్ మసేను, టీ కాచే కూర్మమ్మ, కుర్చీలు సర్దేవాళ్లు. ధనరాజ్ వాళ్లను నెంబర్లతో పిలిచేవాడు. "ఒకటో బానిసా, ఇంకా వంగు. మూడో బానిసా, ఏడవకు, నేను విడిపిస్తాను కదా." రిహార్సలు అయిపోయాక కూడా అదే అలవాటు. "మూడో బానిసా, టీ."

శ్యామసుందరరావుగారు ఇరవై ఏళ్లుగా సమితికి ప్రాంప్టరు. రిటైరయ్యేదాకా ముప్ఫై రెండేళ్లు రైల్వేలో పనిచేశారు. స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెప్పారు. ఆ గొంతు ఎంత తగ్గించినా తగ్గదు. ఆయన తెర పక్కన గుసగుసగా అందించిన మాట చివరి వరుసకు స్పష్టంగా చేరేది. ధనరాజ్ నోరు తెరిచేలోగా విజయకేతుడు ఏం చెప్పబోతున్నాడో జనానికి తెలిసిపోయేది. దాన్ని ధనరాజ్ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఆ జబ్బు. నాటకం పుస్తకం మార్జిన్లలో ఆయన ఒక్కో బానిసకూ పేరు పెట్టి, ఊరు పెట్టి, ఒక మాట కూడా రాసిపెట్టేవారు. అవకాశం దొరికితే అందించేసేవారు.

నిరుడు జరిగింది ధనరాజ్ ఇప్పటికీ మరిచిపోలేదు. యువరాజు "ఎవరక్కడ!" అని గర్జించాలి. వింజామర పట్టిన మసేను వచ్చి వంగాలి, అంతే. ధనరాజ్ బ్రహ్మాండంగా గర్జించాడు. పక్కనుంచి గుసగుస వినిపించింది. మసేను వంగలేదు.

"నానే బాబూ, మసేనుని. మాది పాత్రపూర్ పక్కన. మద్దేన్నం నుంచి ఇక్కడే నిలబడున్నాను, తవరే సూడలేదు."

హాలంతా పగలబడి నవ్వింది. వెంటనే "వన్స్‌మోర్" అని కేకలు. బరంపురం తెలుగు ప్రేక్షకులు వన్స్‌మోర్ అన్నారంటే అది విన్నపం కాదు, ఉత్తరువు. మళ్లీ మొదటి నుంచి చేసి చూపించాలి. ధనరాజ్ మళ్లీ గర్జించాడు, మసేను మళ్లీ మద్దేన్నం నుంచి నిలబడ్డాడు. పద్నాలుగేళ్లుగా ఆ నాటకంలో ధనరాజ్ ఉపన్యాసానికి ఒక్క వన్స్‌మోర్ పడలేదు. అసలు నొప్పి అక్కడుంది.

అందుకని ఈ ఏడు రిహార్సళ్లలో ధనరాజ్ పుస్తకం ముందే లాక్కుని చూశాడు. ఆఖరి రంగంలో, "పొండు, నేటినుండి మీరు స్వతంత్రులు" అన్న మాట పక్కన, మూడో బానిసకు ఒక మాట రాసి ఉంది. "ఎల్తాం బాబూ. తవరు కాసింత తలుపుకడ్డం తప్పుకోండి."

"ఏటిది బాబాయ్?" అన్నాడు ధనరాజ్.

"మూడో బానిస మాట."

"యువరాజు స్వేచ్ఛ ఇస్తంటే అడ్డం తప్పుకోమంటాదా?"

"నువ్వు తలుపుకి అడ్డంగానే కదా నిలబడతావు నాయనా. పన్నెండు నిమిషాలు."

"లైటు అక్కడే పడతాది బాబాయ్."

"లైటు నీకు పడతాది. తోవ ఆళ్లకి కావాల."

ధనరాజ్ ఎర్ర పెన్ను తీసి ఆ మాట కొట్టేశాడు. అప్పుడే టీ గ్లాసులతో వచ్చిన కూర్మమ్మ ఆ గీత చూసింది. ఆవిడకు చదువు రాదు గానీ కొట్టివేత అర్థం కావడానికి చదువక్కర్లేదు.

"మాట తీసీసినారా బాబూ? బేబీకి సెప్పీసినానే."

బేబీ ఆవిడ కూతురు. గోపాలపూర్‌లో చేపలవాళ్ల ఇంటి కోడలు. ఏడేళ్లుగా ప్రతి ఏడూ "అమ్మా, ఈసారి నీకు మాటుందా?" అని అడగడం, లేదంటే రాకపోవడం. తల్లి వంగి నిలబడ్డం చూడ్డానికి బస్సెక్కి రావాలా అని ఆ పిల్ల పట్టుదల. ఈ ఏడు మాటుందని తెలిసి అత్తగారితో సహా బయల్దేరుతోంది. అమ్మ స్టేజీ మీద మాటాడతాదని వాడలో అందరికీ చెప్పేసింది కూడా.

ధనరాజ్‌కి మనసులో ఎక్కడో కలుక్కుమంది. కానీ పద్నాలుగేళ్ల ఉపన్యాసం ముందు ఆ కలుకు ఎంతసేపు నిలుస్తుంది? "వచ్చి చూడమను. నిలబడ్డం కూడా నటనే" అన్నాడు. కూర్మమ్మ తెచ్చిన గ్లాసులు పెట్టేసి వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన టీలో పంచదార లేదు.

"నన్ను ఎంతైనా తిట్టు నాయనా, ఆ మాట మాత్రం ఉంచు" అన్నారు శ్యామసుందరరావుగారు.

"ఈ ఏడు నాకు ప్రాంప్టరే అక్కర్లేదు బాబాయ్. ఉపన్యాసం మొత్తం మా అమ్మాయి అపర్ణ నా ఫోన్లో రికార్డు చేసింది. చెవిలో చిన్న బుడిపె పెట్టుకుంటే నాకొక్కడికే వినిపిస్తాది."

ఇరవై ఏళ్ల కొలువు అలా పోయింది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"ఆరో బానిస ఈ ఏడు రానన్నాడట కదా. నానొస్తాను."

"మీరా?"

"ఒక్క మాట మాటాడను. వంగుంటాను. నడుం ఎలాగూ వంగే ఉంది."

ధనరాజ్ ఒక బుట్ట తెచ్చి ఆయన చేతికిచ్చాడు. ఆ విధంగా 'దాస్య విధ్వంసం'లో కళ్లజోడు పెట్టుకుని, నెత్తిన బుట్ట మోస్తూ డెబ్భై ఒక్కేళ్ల బానిస ఒకడు ప్రవేశించాడు. కళ్లజోడు తియ్యమంటే, తీస్తే స్టేజీ మీంచి పడతానన్నారు.

వార్షికోత్సవం నాడు సాయంత్రం ఆరింటికి హాలు నిండిపోయింది. మూడో వరుసలో జరీ చీర కట్టుకుని బేబీ, పక్కన అత్తగారు. ధనరాజ్ వాళ్లను చూసి చూడనట్టు ఊరుకున్నాడు. మూడు రంగాలు నల్లేరు మీద బండిలా నడిచాయి. ఆఖరి రంగంలో విజయకేతుడు చెరసాల తలుపు బద్దలుకొట్టి, సరిగ్గా తలుపుకు అడ్డంగా, లైటు కింద నిలబడ్డాడు. చెవిలో రికార్డు మొదలైంది.

"ఓ దీనులారా! తరతరముల ఈ సంకెలలు నేటితో ఛిన్నాభిన్నములైనవి. మీ కన్నీటికి బదులుగా నేను..."

చెవిలో టింగుమంది. రికార్డు ఆగింది. అపర్ణ రికార్డు చేసింది నాన్న ఫోన్లోనే గదా, ఆ ఫోనుకు ఓ ఖాతాదారు ఫోన్ చేశాడు. బుడిపె దానంతట అదే కాల్ ఎత్తింది.

"ధనరాజ్‌బాబూ, దిగపహండి నుంచి. పెళ్లి చీరల బేలు ఇంకా రాలేదేటి?"

ముప్ఫై ఏళ్ల వ్యాపారం మనిషి చేత ఏం పలికిస్తుందో అదే పలికించింది. "రేపు ఉదయం మొదటి బస్సుకు వేయిస్తాను" అన్నాడు విజయకేతుడు, అదే గంభీర స్వరంతో, చెయ్యి పైకెత్తి.

హాలు గొల్లుమంది. ధనరాజ్ బుడిపె పీకి నడుం పట్టాలో దోపుకున్నాడు. నవ్వు తగ్గింది. మిగిలిన పదకొండు నిమిషాల ఉపన్యాసంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. తనే రాసుకున్నది, ఒక్క ముక్క కూడా. దిక్కుతోచక వెనక్కి తిరిగి ఆరో బానిస వైపు చూశాడు. ఉపన్యాసం మొత్తం ఆయనకు కంఠతా వచ్చు. ఆయన బుట్ట కింద నుంచి కళ్లజోడు సర్దుకుని, పెదాలు బిగబట్టారు. ఒక్క మాట మాటాడనని మాటిచ్చారు మరి. కనుబొమలు మాత్రం కూర్మమ్మ వైపు ఎగరేశారు.

అప్పుడు ధనరాజ్ కూర్మమ్మను చూశాడు. ఏడేళ్లుగా పక్కనే నిలబడ్డ మనిషిని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఆవిడ కళ్లు మూడో వరుసలో ఉన్నాయి.

"ఎల్తాం బాబూ" అంది, వినీ వినపడనట్టు. తర్వాత గొంతు సర్దుకుని, పొద్దుట టీ బల్ల దగ్గర అడ్డొచ్చినవాళ్లతో చెప్పే గొంతుతో, "ఎల్తాం. తవరు కాసింత తలుపుకడ్డం తప్పుకోండి" అంది.

హాలు కప్పు ఎగిరిపోయినంత పని అయింది. తెలుగువాళ్లు ఈలలు వేస్తుంటే, ఒడియావాళ్లు "భల కహిలా మావుసీ" అని మెచ్చుకుంటూ, ఆవిణ్ణి పిన్నిని చేసేసుకుని చప్పట్లు కొట్టారు. ఏం చెయ్యాలో తెలియక ధనరాజ్ నిజంగానే పక్కకు తప్పుకున్నాడు. ఆరుగురు బానిసలూ బరువు దించుకున్న మనుషుల్లా తలుపు దాటి వెళ్లిపోయారు.

"వన్స్‌మోర్!"

ఉత్తరువు ఉత్తరువే. స్వాతంత్ర్యం వచ్చినవాళ్లంతా బుద్ధిగా వెనక్కి వచ్చి మళ్లీ చెరసాలలో దూరారు. ధనరాజ్ మళ్లీ అడ్డం నిలబడ్డాడు, కూర్మమ్మ మళ్లీ తప్పుకోమంది. ఈసారి గొంతు సర్దుకోవలసిన పని లేకపోయింది.

రెండో వన్స్‌మోర్‌కి లోపలికి దూరుతుంటే ఆరో బానిస బుట్ట జారి, అందులోంచి నాటకం పుస్తకం ధనరాజ్ కాళ్ల దగ్గర పడింది. ఎర్ర గీత కొట్టిన పేజీ తెరుచుకుంది. ఆ గీత కింద చిన్న అక్షరాలు ఉన్నాయి. కొట్టేసేటప్పుడు కోపంలో తను చదవలేదు. 'చెప్పినది కూర్మమ్మ, టీ బల్ల దగ్గర.' పేజీ తిప్పాడు. 'చెప్పినది మసేను, కుర్చీలు దింపుతూ.' ప్రతి మాట కిందా ఒక పేరు ఉంది. ఇన్నేళ్లూ ఈ మాటలు ఎందుకు రాశారని తను ఆ ముసలాయన్ను తిడుతూనే ఉన్నాడు. నేను రాయలేదు నాయనా అని ఆయన ఒక్కసారి అనలేదు. ధనరాజ్‌కి సిగ్గేసింది. కిరీటం బరువనిపించింది.

"ఎందుకు సెప్పలేదు బాబాయ్?" అన్నాడు రహస్యంగా.

"సెప్తే ఆళ్లని తిట్టీవాడివి. నాకైతే అలవాటే" అన్నారు ఆయన, ఇంకా రహస్యంగా. చివరి వరుసలో వాళ్లు నవ్వారు.

ధనరాజ్ పుస్తకం బుట్టలో పెట్టి, బుట్ట ఆయన నెత్తిన పెట్టాడు. తర్వాత వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఈసారి రెండు చేతులూ బార్లా చాపి మరీ నిలబడ్డాడు, మూడో వరుసకు కూడా ఎంత అడ్డమో తెలిసేలాగ.

"ఎల్తాం బాబూ. తవరు కాసింత తలుపుకడ్డం తప్పుకోండి."

విజయకేతుడు తప్పుకోలేదు. పద్నాలుగేళ్లుగా గ్రాంథికం తప్ప పలకని యువరాజు, అచ్చం బరంపురం బజార్లో మాట్లాడినట్టు, "తప్పుకుంటాను. ముందు నీ పేరేటో సెప్పు" అన్నాడు.

ఆ మాట పుస్తకంలో లేదు. కూర్మమ్మ నడుం నిటారుగా చేసింది.

"కూర్మమ్మ బాబూ. బేబీ వాళ్లమ్మని."

మూడో వరుసలో బేబీ లేచి నిలబడి, అత్తగారి భుజం పట్టుకుని స్టేజీ చూపించింది. ధనరాజ్ చేతులు దించి, తల వంచి, పక్కకు జరిగాడు.

బుట్ట కింద నుంచి ఆరో బానిస ఎవరికీ వినపడకుండా తనలో తాను అనుకున్నారు. "హమ్మయ్య, అడిగినాడు."

చివరి వరుస దాకా వినిపించింది. దానికి కూడా వన్స్‌మోర్ పడింది.