పన్నెండేళ్ల అక్కకు గిలక్కాయ

మా చిన్నప్పుడు... తాండూరులో క్రిస్మస్ ఆరాధన అయిపోయినా ఎవరూ ఇంటికి కదిలేవాళ్లు కాదు. పిల్లలకు బహుమతులిచ్చే వేళ అది. తరగతుల వారీగా చాపల మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచేవారు. ముందు పసిపిల్లలు... చివర పెద్ద తరగతి.

మా సండే స్కూలులో ఒక పద్ధతి ఉండేది. కంఠతా పట్టిన బైబిలు వాక్యాలు నోటితో అప్పజెప్పినవాళ్లే పై తరగతికి వెళ్లాలి. మా అక్క సుగుణకు మాట రాదు. చంటితనంలో వచ్చిన జ్వరం వల్ల కుడిచేతి వేళ్లలోనూ పట్టు లేదు. మాటే రాని పిల్ల వాక్యం ఎలా చెబుతుంది? ఆ సంగతి ఏ టీచరుకూ తట్టలేదు. తనకన్నా చిన్నదాన్నైన నేను పై తరగతికి వెళ్లిపోయాను... అక్క మాత్రం ఏటా పసిపిల్లల చాప మీదే.

ఒక క్రిస్మస్‌కు అక్కకు పన్నెండేళ్లు. లంగా జాకెట్టు, రెండు జడలు, జడల్లో కనకాంబరాలు... చుట్టూ పాలు తాగే పిల్లలు. క్రిస్మస్ తాత వేషం వేసుకున్న మాస్టారు వచ్చి, అక్క ముఖం ముందు ప్లాస్టిక్ గిలక్కాయ ఊపాడు.

"తీస్కో పాపా... తీస్కో, తీస్కో!"

చర్చి అంతా నవ్వింది. అక్క తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. పక్కన పాకుతున్న పిల్లాడి చేతిలో దాన్ని పెట్టి... మాస్టారి వైపు మళ్లీ చెయ్యి చాపింది. నాది ఏదీ అన్నట్టు.

నవ్వు ఇంకా పెరిగింది.

మా అమ్మ ఎవరితోనూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు లేచి నిలబడింది. "అన్నా, నా బిడ్డకు పన్నెండేండ్లు. గీ గిలక్కాయ ఏంది?"

"ఫికర్ చెయ్యకు చెల్లె... గామెకు ఏదిచ్చినా ఒక్కటే గద."

"ఒక్కటే అయితే పెద్దపిల్లలకిచ్చేదే ఇయ్యరాదు? నీకేం పోతది?"

వెనక నుంచి ఒక పెద్దావిడ అందుకుంది. "పండుగ పూట గీ లొల్లి ఏందమ్మా... ప్రభువు ఇచ్చింది తీస్కోవాలె."

ప్రభువు ఇచ్చాడట! ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రభువు ఎప్పుడిచ్చాడు? కొన్నది చర్చి కమిటీ. పసిపిల్లల కోసం కొన్నవాటిలో ఇంకొకటి కలిపేస్తే పని తీరిపోతుందని కొన్నది. తమ బద్ధకానికి ఆయన పేరు పెట్టారు.

మర్నాడు అమ్మ మా ఇద్దరినీ బజారుకు తీసుకెళ్లింది. చీరల నుంచి తాళాల దాకా అన్నీ అమ్మే సేటు దుకాణంలో అక్క చెయ్యి వదిలేసి, "నీకేం గావాల్నో నువ్వే చూపియ్యి బిడ్డా" అంది. అంతే. ఇంకేమీ చెప్పలేదు.

సేటు కళ్లు ఆర్పే బొమ్మ తెచ్చాడు. అక్క దాని వైపు చూడలేదు. రంగుల బంతి తెచ్చాడు... అదీ చూడలేదు. ఆయనకు విసుగు పుట్టింది. "జల్ది కానియ్యమ్మా, గిరాకీ ఉంది."

"పెండ్లి చీరలకు వచ్చినోళ్లను గూడ గిట్లనే జల్ది చేస్తరా సేటూ?" అంది అమ్మ.

తిరిగి తిరిగి అక్క తాళంకప్పల దగ్గర ఆగింది. ఒక చిన్న ఇత్తడి కప్ప చేతిలోకి తీసుకుంది.

"తాళంతోని ఆడుకుంటదా? మీ ఇంట్ల దొంగలు పడ్డరా ఏంది?" అని సేటు నవ్వాడు.

అక్క ఎడమచేత్తో కప్ప పట్టుకుని, కుడిచేత్తో తాళంచెవి తిప్పింది. జారిపోయింది. మళ్లీ తిప్పింది... మళ్లీ... 'టక్'మని తెరుచుకుంది. అక్క గట్టిగా నవ్వింది. దుకాణం అంతా వినబడేలా.

సేటు నవ్వు ఆపేశాడు. లోపలికి వెళ్లి ఇంకో కప్ప తెచ్చాడు. "ఇగో, గిది తీస్కో బిడ్డా. దీని చెవి జర పెద్దగుంటది, నీ వేళ్లకు పట్టు దొరుకుతది."

ఆ కప్ప మా బట్టల సందూకకు వేశాం. తాళంచెవి అక్క మెడలో. ఆ పండుగ నుంచి ఇంట్లో ఎవరికి బట్టలు కావాలన్నా అక్కను అడగాల్సిందే... నాన్న కూడా. తిప్పీ తిప్పీ వేళ్లకు బలం వచ్చింది. తన జాకెట్టు హుక్కులు తనే పెట్టుకోవడం నేర్చింది.

మరుసటి క్రిస్మస్‌కు అమ్మ ఎవరినీ అడగలేదు. అక్కను తీసుకెళ్లి పెద్ద తరగతి చాప మీద కూర్చోబెట్టింది. లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పేరు పిలిచారు. అక్క నడిచి వెళ్లి, అందరు ఆడపిల్లలకూ ఇచ్చిన స్టీలు డబ్బాయే తెచ్చుకుంది...

ఇదంతా ఇప్పుడెందుకంటే... నేను వికారాబాదులో సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతున్నాను. మొన్న ఆదివారం మా కమిటీ బహుమతులు తెచ్చింది. వికలాంగ పిల్లలందరికీ ఒకటే రకం... మీట నొక్కితే పాడే బాతు బొమ్మ. అట్టపెట్టె మీద 'మూడేళ్లలోపు పిల్లలకు' అని రాసి ఉంది. మా తరగతిలో పదకొండేళ్ల పిల్ల ఒకతె పెద్ద చప్పుడు వింటే చెవులు మూసుకుని ఏడుస్తుంది. ఆమెకూ అదే బాతు!

"వాళ్లకు ఏదైనా ఒక్కటే గద అక్కా" అన్నాడు కమిటీ కుర్రాడు.

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. "ఆ పిల్ల తల్లిని ఒక్క మాట అడిగినవా తమ్ముడూ?"

అడగలేదు. ఎవరూ అడగలేదు. నేనే ఫోన్ చేశాను. వాళ్లమ్మ నవ్వి, "కొలతల టేపు ఉంటే సాలక్కా... బల్ల, కుర్చీ, మా అత్త కొంగు, అన్నీ కొలుస్తది" అంది. టేపు ఖరీదు ఆ బాతు ఖరీదులో సగం కూడా లేదు. చవకది కొనడం తప్పు కాదండీ... అడగకుండా కొనడం తప్పు. ప్రార్థన చేసుకున్నా నా కోపం తగ్గడం లేదు. తగ్గకూడదనే అనిపిస్తోంది.

చాపలు పోయి కుర్చీలొచ్చాయి. మెరిసే కాగితాలొచ్చాయి. ఫోటో కోసం వికలాంగ పిల్లలను ముందు వరుసలో నిలబెట్టడం కూడా వచ్చింది...

మీ చిన్నప్పుడు మీ తరగతిలోనూ ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు. వాళ్ల పేరు, వాళ్లకు ఏమిష్టమో గుర్తుంటే కింద రాయండి. గుర్తు లేకపోతే... ఈ పండుగకు ముందే మీ వీధిలో ఉన్న అలాంటి పిల్ల ఇంటికి వెళ్లి, కాసేపు కూర్చుని, అడిగి తెలుసుకుని రండి.