రంగు రాని నీళ్ల పటం

రెండు వేల నాలుగో సంవత్సరం చివర్లో నేను బోధన్‌లో నీటి పారుదల శాఖ డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మా కొలువులో కింది నుంచి లెక్కపెడితే లస్కర్, వర్క్ ఇన్‌స్పెక్టర్, ఏఈ, ఆ పైన డీఈ, అంటే నేను. నా మీద ఈఈ గారు. కాలువ మీద షట్టర్ ఎత్తేది లస్కర్, ఎత్తమని సంతకం పెట్టేది ఈఈ, ఎందుకు ఎత్తలేదని ఊళ్లలో తిట్లు తినేది డీఈ. సర్వీసులో చాలా తిట్లు తిన్నాను. వాటిలో ఎక్కువ భాగం ఎవరెవరికో పడాల్సినవి. ఇప్పుడు చెప్పబోయేవి మాత్రం అచ్చంగా నావే.

ఆ ఏడు ప్రాజెక్టులో నీళ్లు తక్కువ. రబీకి, మా వైపు మాటలో యాసంగికి, వారబందీ పెట్టక తప్పలేదు. వారబందీ అంటే వంతులవారీగా నీళ్లివ్వడం. ఆయకట్టును మూడు ముక్కలు చేశాం: మొదటి వంతు, రెండో వంతు, ఈసారికి నీళ్లు లేనిది. మూడో ముక్క ఎప్పటిలాగే కాలువ చివరి ఊరికి వచ్చింది. రైతుల నీటి సంఘం తీర్మానం చేసి పుస్తకంలో సంతకాలు పెడితే తప్ప ఈఈ గారు షట్టర్లు ఎత్తమనరు. కాలువకు ఎగువనున్న పై ఊళ్లో నారుమళ్లు ఎండుతున్నాయి. చివరి ఊళ్లో చెరకు కార్శిలు ఉన్నాయి. కార్శి అంటే చెరకు కొట్టాక అదే మోళ్ల నుంచి మళ్లీ చిగిర్చే తోట. నీళ్లు రావని ముందే తెలిస్తే ఆ మోళ్లు తవ్వేసి, భూమిలో మిగిలిన పదును మీద శనగ వేసుకోవచ్చు. నవంబర్ దాటితే ఆ అదును కూడా పోతుంది. కాబట్టి నీళ్లున్న ఊరికీ లేని ఊరికీ ఆ కబురు వెంటనే, తేటగా తెలియాలి. తెలియజెప్పడమే నా పని.

సభ రెంజల్ మండలంలోని ఆ చివరి ఊరి పంచాయతీ ఆఫీసులో, పొద్దున పదింటికి. డివిజన్ ఆఫీసుకు ఆ ఏడే ఒక ల్యాప్‌టాప్ వచ్చింది. ఈఈ గారు దాన్ని కొత్త పెళ్లికూతురిలా చూసుకునేవారు. ఆయకట్టు పటాన్ని అందులోకి ఎక్కించి, మొదటి వంతుకు ఆకుపచ్చ, రెండో వంతుకు పసుపు, నీళ్లు లేని దానికి ఎరుపు నేనే వేశాను. గోడ మీద వేసి చూపిద్దామంటే, దినగండం నూరేళ్లాయుష్షు అన్నట్టు నడిచే మా ప్రొజెక్టర్ ముందురోజే బల్బు మాడి కూర్చుంది. నేను అనుమానం మనిషిని. ఎందుకైనా మంచిదని నిజామాబాద్ బస్టాండు దగ్గరి దుకాణంలో ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపే వైరు ఒకటి ఎప్పుడో కొనిపెట్టుకున్నాను. ఊళ్లో టీవీ దొరికితే చాలు.

లస్కర్ మహబూబ్‌ను అడిగాను. "రాజవ్వ ఇంట్ల ఉన్నది సాబ్, పెద్దది, రంగులది" అన్నాడు. రాజవ్వకు నలభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు, బీడీలు చుడుతుంది, కాలువ కొసన ఎకరన్నర కార్శి తోట ఉంది. అడగ్గానే ఇచ్చింది గాని, ఇద్దరు మనుషులు టీవీని మోసుకొస్తుంటే దాని మీద చెయ్యి తీయకుండా పక్కనే నడిచొచ్చింది. "పైలం సారూ, బీడీలు సుట్టి సుట్టి కొన్న" అంది.

పన్నెండు కొడితే ఊళ్లో కరెంటు పోతుంది. సామాను సర్దేసరికి పదకొండైంది. చివరి ఊరి వాళ్లు ఒకవైపు, పై ఊరి వాళ్లు ఒకవైపు కూర్చున్నారు, మధ్యలో ఎవరూ కూర్చోలేదు. పోయిన ఏడు ఇదే గదిలో మా ఏఈని పెట్టి బయట గొళ్లెం వేశారు. ఆ గొళ్లెం వైపు చూడకుండా ఉండాలని నేను చాలా ప్రయత్నించాను.

ఆ కాలపు ల్యాప్‌టాప్‌కు పక్కన చిన్న గుండ్రటి రంధ్రం ఉండేది. వైరు ఒక కొస అందులో, పసుపు రంగు కొస టీవీ వెనక పసుపు రంధ్రంలో పెట్టాలి. పెట్టాను. టీవీ నిండా చీమలు. రిమోట్‌తో ఏవీ అన్న చోటికి మార్చాలి. రిమోట్ ఇంట్లో ఉండిపోయింది. రాజవ్వ వెళ్లి ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచినదాన్ని తెచ్చింది. చీమలు పోయి నీలం తెర వచ్చింది. ల్యాప్‌టాప్ బొమ్మను బయటికి పంపాలంటే రెండు మీటలు కలిపి నొక్కాలి. ఒకసారి నొక్కితే ల్యాప్‌టాప్ చీకటైంది, ఇంకోసారి నొక్కితే టీవీ చీకటైంది. వెనక నుంచి ఎవరో "షట్టర్ గూడ గిట్లనే ఎత్తుతరేమో" అన్నారు. పై ఊరి వాళ్లు కూడా నవ్వారు. మూడోసారి రెండింట్లోనూ పటం కనిపించింది.

టీవీలో బొమ్మ నలుపు తెలుపులో వచ్చింది. ఆ సంగతి నేను గమనించాను. గమనించలేదని ఇక్కడ రాసుకుంటే అబద్ధమవుతుంది. బొమ్మ వచ్చిందే పదివేలనుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, దానిలోని రంగులు చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టాను. పచ్చ ముక్కకు మొదటి వంతు, పసుపుకు రెండో వంతు, ఎర్ర ముక్కకు ఈసారి నీళ్లు లేవు. టీవీ జనం వైపుంది, నా వీపు దాని వైపుంది.

నేను భయపడ్డ గొడవ కాలేదు. చివరి ఊరి వాళ్లు ముందుకు వంగి చూశారు, తమలో తాము ఏదో అనుకున్నారు, నెమ్మదించారు. తీర్మానం పుస్తకం తిరగడం మొదలైంది. నా పక్కనే కూర్చున్న ఈఈ గారు భుజం తట్టారు. చదువుకున్న మాటతీరు ఫలించిందని లోలోపల పొంగిపోయాను కూడా.

అప్పుడు రాజవ్వ లేచింది. "సారూ, నా టీవీ ఖరాబ్ చేసిన్రా ఏంది? రంగులెటు పోయినయ్?"

టీవీకేం కాలేదని చెప్పాను.

"మంచిది తియ్. మా తోట గూడ పై ఊరోళ్ల లెక్కనే కనవడుతున్నది గద, గంతే సాలు. రేపే కార్శికి మందేస్త" అని కూర్చుంది.

ల్యాప్‌టాప్‌లో చూశాను. ఆమె తోట రక్తంలా ఎర్రగా ఉంది. వెనక్కి తిరిగి టీవీ చూశాను. పై ఊరి పచ్చ, చివరి ఊరి ఎరుపు రెండూ ఒకే బూడిద రంగు. పై ఊరికి నీళ్లొస్తాయని అందరికీ తెలుసు. తమ ముక్క కూడా అలాగే ఉంది కాబట్టి తమకూ వస్తాయనుకున్నారు.

మా ఆఫీసులో పటాలు గీసే పాత ట్రేసర్లు పటంలో రంగు వేసినా దాని మీద సిరాతో గీతలు కూడా గీసేవారు. ఒకదానికి అడ్డగీతలు, ఒకదానికి చుక్కలు. నకలు కోసం అమోనియా ప్రింటు తీస్తే రంగులు పోతాయి, గీతలు నిలుస్తాయి. నేనూ అలాగే నేర్చుకున్నాను. కంప్యూటర్‌లో రంగులు ఇంత చక్కగా వస్తుంటే గీతలెందుకని మానేశాను.

ఈఈ గారికి కూడా అర్థమైంది. సంతకాలు కానివ్వండి, తర్వాత నచ్చజెప్పుకుందామని ఇంగ్లీషులో, నాకు మాత్రమే వినపడేట్టు అన్నారు. టైము పన్నెండుకు పావుగంట తక్కువ. నాకు భయమేసింది. అలా కూర్చునే ఉన్నాను, ఈలోగా ఇంకో ఐదు సంతకాలు పడ్డాయి. ఆరోది రాజవ్వ. మహబూబ్ ఇంకు ప్యాడు పట్టుకుని ఆమె ముందు వంగాడు. ఆమె బొటనవేలు ఇంకులో అద్దింది.

లేచి వెళ్లి పుస్తకం మీద చెయ్యి పెట్టాను. "రాజవ్వా, ఆగు. టీవీల రంగు వస్తలేదు. మీ ఊరి ముక్క ఎర్రది. ఈసారి నీళ్లు లేవు" అన్నాను. ఆమె వేలు గాలిలోనే ఆగింది.

వెనక్కొచ్చి ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో వెతికాను. మన టీవీలకు రంగు అందే పద్ధతి పాల్; ఆ ల్యాప్‌టాప్ ఫ్యాక్టరీ నుంచే అమెరికా పద్ధతి మీద ఉంది. తెర మీది చుక్క గుర్తును పాల్ పక్కకు మార్చాలి, అంతే. మార్చగానే టీవీ ఒకసారి రెప్పకొట్టింది, చివరి ఊరంతా ఎర్రబడింది.

తర్వాతి పది నిమిషాల గురించి ఎక్కువ రాయను. కుర్చీలు పడ్డాయి. నా చొక్కా జేబు చిరిగింది. సంతకం పెట్టినవాళ్లు పుస్తకం గుంజుకుని తమ పేర్లు కొట్టేసుకున్నారు. ఈఈ గారు జీపులో కూర్చున్నారు. పన్నెండుకు కరెంటు పోయింది, టీవీ ఆరిపోయింది, అరుపులు ఆగలేదు. రాజవ్వ ఒక్కతే అరవలేదు. వైరు తనే పీకి నా చేతిలో పెట్టి, "నేను లేసి మాట్లాడినంక గూడ ఐదుగురితోని పెట్టిచ్చిన్రు. ఎందుకాగిన్రు సారూ?" అని అడిగి, టీవీ ఎత్తించుకుని పోయింది.

తీర్మానం నాలుగు రోజుల తర్వాత అయింది. చివరి ఊళ్లో కొట్టకుండా నిలిచి ఉన్న చెరకుకు ఒక్క తడి, కార్శికి లేదు. సభను అదుపు చేయలేకపోయినందుకు నాకు మెమో వచ్చింది. పటంలో తప్పు నాదేనని రాసిచ్చాను. షట్టర్లు ఎత్తిన మరునాడు కాలువ చూడబోయి రాజవ్వ ఇంటి ముందు ఆగాను. ఆమె చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మోళ్లు తవ్వించేసి శనగ వేశానని చెప్పింది. ఆనాడు అడిగిందానికి జవాబుగా, భయపడ్డాను రాజవ్వా అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "నీళ్లు రానిది మాకు. భయం మీకా సారూ?"

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను నడిపిన ప్రతి సభలోనూ నీళ్లు రాని సర్వే నంబర్లే ముందు చదివాను, పేరు పేరునా, బొమ్మా టీవీ లేకుండా. తిట్లు మొదటి పది నిమిషాల్లోనే పడేవి. సంతకాలు ఆ తర్వాత పడేవి. వాటిలో ఒక్కటి కూడా ఎవరూ కొట్టేసుకోలేదు.