ఎర్ర సిలిండర్‌కు కట్టిన కంకణం

దసరా వస్తుందంటే నాకు ఒళ్లుమంట. ఆయుధ పూజ రోజు మా డాక్టరమ్మ పట్టుచీర కట్టుకొని, పసుపు కుంకుమల పళ్లెం పట్టుకొని నర్సింగ్ హోం అంతా తిరుగుతుంది. బీపీ మిషన్‌కు బొట్టు. ఆక్సిజన్ సిలిండర్‌కు బొట్టు. ఒక చక్రం తిరగని స్ట్రెచర్‌కు కూడా బొట్టే. ఒక్కోదానికి జమ్మి ఆకు పెట్టి, పసుపుదారంతో కంకణం కట్టి, కళ్లకద్దుకుంటుంది. ఇబ్రహీంపట్నంలో ఈ పది మంచాల దవాఖాన తెరిచిన నాటి నుంచీ ఇక్కడ కాన్పులు చేయిస్తున్న హెడ్ నర్సును నేను. ఇన్నేళ్లలో ఆ పళ్లెం ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. ఆ కుంటి స్ట్రెచర్ పాటి చేయనా అని ఏటా లోపల ఉడికిపోయేదాన్ని.

పోయిన దసరాకు డాక్టరమ్మ భక్తి మరీ పొంగింది. దానికి కారణం ఉంది. నర్సింగ్ హోం రిజిస్ట్రేషన్ గడువు ముగియబోతోంది, తనిఖీకి వస్తామని పై ఆఫీసు నుంచి కబురొచ్చింది.

“ఈసారి రెన్యువల్ రాకుంటే తాళమేసి, హయత్‌నగర్ల మా చెల్లె హాస్పిటల్ల కూసుంట సిస్టర్. ఇగ నాతోని కాదు” అంది డాక్టరమ్మ.

ఆమెకు అక్కడ కుర్చీ ఉంది. నాకెక్కడుంది? ఈ ఊళ్లో బడికి పోయే పిల్లల్లో సగం మందిని మొదట పట్టుకున్న చేతులు నావి.

పండుగ వెళ్లిన మూడో రోజు అధికారి వచ్చింది. కళ్లజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. “చాయ్ వద్దు” అంది. చాయ్ కూడా తాగని మనిషితో ఎలా వేగడం? అయినా మొదట్లో అంతా బాగానే నడిచింది. గోడ మీద ఫీజుల బోర్డు చూసింది. చెత్త వేసే రంగురంగుల డబ్బాల మూతలెత్తి చూసింది. రోజూ నాతో నాలుగు తిట్లు తింటే గానీ కదలని జనరేటర్ ఆ పూట మొదటి పిలుపుకే పలికింది. పూజ పని చేసిందని డాక్టరమ్మ నా వైపు గర్వంగా చూసింది.

తర్వాత మెట్ల దగ్గర మంటలార్పే ఎర్ర సిలిండర్ ముందు అధికారి ఆగింది.

“దీని మీద తారీఖేది?”

తారీఖు పసుపు కింద ఉంది. వార్డులు ఊడ్చే మా ఆయమ్మ కొంగుతో గబగబా తుడిచింది. గడువు ఇంకా ఉంది. హమ్మయ్య అనుకునేలోపే, “పెరట్లకు తీస్కపొయ్యి ఒకసారి కొట్టి చూపెట్టుండ్రి” అంది అధికారి.

పెరట్లోకి తెచ్చి పిన్ను లాగబోయాను. రాలేదు. డాక్టరమ్మ కంకణాన్ని పిన్నుకూ పిడికీ కలిపి చుట్టు మీద చుట్టు చుట్టి, ముడి మీద ముడి వేసింది. గోరు విరిగింది గానీ ముడి ఊడలేదు.

“జర ఆగుండ్రి మేడం” అన్నాను.

“మంటలు ఆగుతయా?” అంది ఆమె.

కత్తెర కోసం పరుగెత్తబోతే ఆయమ్మ అడ్డం నిలబడింది. “కంకణం కొయ్యొద్దు సిస్టరమ్మా, అరిష్టం!” నేను ఆమెను పక్కకు నెట్టి, లేబర్ రూంలో చేతికందిన కత్తెర తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. అది పిల్లలు పుట్టగానే బొడ్డుతాడు కోసే కత్తెర.

“గది కాన్పుల కత్తెర కాదా?” అంది అధికారి.

“అవ్ మేడం. మళ్ల శుద్ధి చేసే మిషన్ల పెడ్తం. ముందుగాల గీ పని కానియ్యుండ్రి!” నా నోరు ఆగలేదు.

లెక్కలేనన్ని బొడ్డుతాళ్లు చెయ్యి వణక్కుండా కోసిన డాక్టరమ్మ, ఆ దారం ముందు కళ్లు మూసుకొని అమ్మవారిని తలుచుకుంది. కోసేసింది. నేను పిన్ను లాగి పిడి నొక్కాను.

బుస్సుమని తెల్లపొడి పెరడంతా కమ్మేసింది. గాలి మా వైపే తిరిగింది. కాసేపటికి చూస్తే డాక్టరమ్మ, నేను, ఆయమ్మ, అధికారి, నలుగురమూ పిండిమరలోంచి వచ్చినట్టున్నాం.

అధికారి కళ్లజోడు తుడుచుకుంది. “మంచిగనే పనిచేస్తుంది. రెన్యువల్‌కు రాస్తున్న. బొట్టు పెట్టుకోండ్రి, తారీఖు మీద గాదు. పిన్నుకు దారం కట్టకుండ్రి.”

నాకు ఏడుపొచ్చేసింది. పొడి కళ్లలో పడిందని అన్నాను, ఎవరూ నమ్మలేదు.

గేటు దాకా సాగనంపాం. ఆమె జీపుకు దసరా నాటి బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది, నంబరు ప్లేటు పూర్తిగా మూసుకుపోయింది. నేను నోరు తెరవబోతే డాక్టరమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది.

లోపలికొచ్చాక, పెరట్లో పడి ఉన్న కంకణాన్ని డాక్టరమ్మ ఏరుకొచ్చింది. “చెయ్యి ఇటియ్యి సిస్టర్” అంది. కోయడంతో దారం పొట్టిదై నా మణికట్టుకు చాలలేదు. గాయాలకు కట్టే గుడ్డ పీలిక చింపి, దానికి ముడేసి, నా చేతికి కట్టింది.

“ఇది నీకు ఎన్నడో కట్టాల్సింది” అంది.

ఇన్నేళ్లుగా దాచుకున్న మాటలన్నీ ఆ పూట అనేద్దామనుకున్నాను. వాటి బదులు, బొట్టు కూడా పెట్టమని నుదురు ముందుకు పెట్టాను.