పదకొండు గంటల వేడినీళ్లు

దెయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. చచ్చాక కూడా వేరే పని లేక మన తలుపులు చప్పుడు చేసేవాడు బతికుండగా ఎంత సోమరిపోతో! ఏడో తరగతిలో బడి మానేసి కరెంటు పని పట్టుకున్నాను. 'దెయ్యం' అని పిలిచిన ప్రతి ఇంట్లోనూ నాకు దొరికింది లూజు వైరు, లేదంటే ఎలుక. ఎలుకకున్న తెలివి ఇంట్లోవాళ్లకి ఉండేది కాదు.

భవానీపురంలో శీను ఇంటికీ అలాగే వెళ్లాను. శీను తండ్రి చేపల వ్యాపారి. తెల్లవారకుండానే మార్కెట్టుకి పోయి, పదకొండింటికి వచ్చి, నీచు వాసన పోయేలా నిమ్మచెక్క రుద్దుకుని, వేడినీళ్లు పోసుకున్నాకే కంచం ముందు కూర్చునేవాడట. గీజరుకి టైమరు పెట్టించింది ఆయనే. ఆయన పోయి మూడు నెలలు. టైమరు ఆపేశారు. అయినా రోజూ పదకొండింటికి గీజరులో నీళ్లు కాగుతున్నాయి.

ఆ వేళకి ఇంట్లో ఉండేది అత్తగారు నాగమణి, కోడలు జ్యోతి. "నన్ను బెదరగొట్టాలని ఇదే వేస్తోంది" అంటుంది అత్త. ముట్టుకోలేదని కోడలు ఏడుస్తుంది. శీను ఆలోచించి ఆలోచించి, పెళ్లానికి మతి చెడిందని తేల్చాడు. మైలవరంలో పుట్టింట దింపడానికి బ్యాగు సర్దించాడు. బ్యాగు హాల్లోనే ఉంది. టైమరు పాడైందని నేనంటే అది లోపలికెళ్తుంది, బాగుందంటే బస్సెక్కుతుంది.

"అన్నయ్యా, కాస్త సరిగ్గా చూడండి," అంది జ్యోతి.

"కంగారుపడకమ్మా. టైమరుకి మీ ఆయన కంటే బుర్ర ఎక్కువే ఉంటుంది," అన్నాను. శీను నవ్వలేదు.

తొమ్మిదింటికి మెయిన్ ఆపి, పాత టైమరు ఊడదీసి సంచిలో పడేశాను. గీజరు వైర్లు విప్పి, చివర్లకి టేపు చుట్టాను. పాత నీళ్లన్నీ వదిలేసి చల్లనీళ్లు నింపాను. కొత్త టైమరుకి శీనుని షాపుకి తోలాను. కాగితం మీద రాసిచ్చినా ట్యూబులైటుకి సరిపోయే బుల్లి టైమరు తెచ్చాడు. మళ్లీ తోలాను. నేను బాత్రూం గుమ్మంలోనే కూర్చున్నాను. లోపలికి ఎవరూ రాలేదు.

పదకొండు దాటింది. చేతులు కడుక్కుందామని గీజరు కుళాయి తిప్పాను. చుర్రుమంది. ఆవిరి అద్దాన్ని కమ్మేసింది.

టేపు చుట్టిన వైర్లు చుట్టినట్టే వేలాడుతున్నాయి. టైమరు సంచిలో ఉంది. వంటింటి కుళాయి తిప్పి చూశాను, చల్లగా ఉంది. ఎండకి కాగాయనుకోవడానికి బయట మూడు రోజులుగా ముసురు.

నిజం చెబుదామనే అనుకున్నాను. కానీ కరెంటు లేకుండా కాగాయంటే నాగమణి చేతబడి అంటుంది, నేరం మళ్లీ కోడలి నెత్తిమీదికే వస్తుంది. తువ్వాలుతో అద్దం తుడిచాను. శీను రాగానే పాత టైమరు చేతిలో పెట్టి, "లోపల చక్రాల పళ్లరిగిపోయాయి, ఆపినా దానంతటదే ఆన్ అవుతోంది. మీ ఆవిడ బుర్ర శుభ్రంగా ఉంది," అన్నాను. నిజానికి ఆ టైమరు నిక్షేపంలా ఉంది.

కొత్తది బిగించి, పదకొండింటికే పెట్టాను. రోజూ ఆ వేళకి వెయ్యకపోతే గీజరు తుప్పు పడుతుందని చెప్పాను. "అలాగేనండీ," అన్నాడు శీను. ఏం చెప్పినా నమ్మేవాడు పెళ్లాం మాట ఒక్కటే నమ్మలేకపోయాడు!

జ్యోతి బ్యాగు లోపలికి తీసుకెళ్లింది. నాగమణి మాత్రం టైమరు ముల్లు కేసి చాలాసేపు చూసి, "ఆయన వేళకే పెట్టావా బాబూ," అంది. వంటింట్లోంచి నిమ్మచెక్క ఒకటి తెచ్చి సబ్బుపెట్టెలో పెట్టింది.

ఇప్పుడా ఇంట్లో పదకొండింటికి నీళ్లు కాగితే ఎవరూ ఎవర్నీ అనరు. ఆ రోజు మాత్రం ఎలా కాగాయో నాకు ఇప్పటికీ తెలీదు. వైరు లూజు కాదు. ఎలుకా కాదు. మూడోది నేను నేర్చుకోలేదు.